సీసాలో బుడగల లెక్క

ఇంట్లో మొదటిసారి బీరు కాచినవాళ్లు రెండు మూడు వారాలు ఓపిక పట్టి, బకెట్ కుళాయి తిప్పి ఒక గుక్క రుచి చూడగానే మొహం చిట్లిస్తారు. రంగు కుదిరింది, చేదు కుదిరింది, పొంగు మాత్రం లేదు. మూత తీసి మర్నాటిదాకా వదిలేసిన సోడాలా చప్పగా ఉంటుంది. నిజానికి అందులో లోపమేమీ లేదు. పులిసేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం ఎయిర్‌లాక్ అనే గ్యాస్ వదిలే బిరడా గుండా గుడగుడమంటూ బయటికి పోయింది, అంతే. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే బీరులో కొలిచిన పంచదార కాస్త కలిపి, సీసాల్లో నింపి, గట్టిగా మూత వేయాలి. మిగిలిన ఈస్ట్ ఆ పంచదారను తింటుంది. ఈసారి పుట్టిన గ్యాస్‌కు పోయే దారి ఉండదు కనుక బీరులోనే కరుగుతుంది. ఈ పంచదార కలపడాన్నే హోమ్‌బ్రూయర్లు ప్రైమింగ్ అంటారు.

ఇంట్లో బీరు కాయడం ప్రధానంగా బ్రిటన్, అమెరికా ఇళ్లలో పెరిగిన సరదా. బ్రిటన్‌లో 1963లో లైసెన్సు నిబంధన తీసేశారు. అమెరికాలో 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు ఫెడరల్ పన్ను నుంచి మినహాయింపు వచ్చింది. ఒక్కరే పెద్దవారున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు, అమ్మకూడదు. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యారేజీ ఉన్న తెలుగువాళ్లకు ఇది పనికొచ్చే విద్యే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడి పాఠకులు దీన్ని రసాయనశాస్త్రంగా చదువుకుని వదిలేయాల్సిందే.

రసాయనశాస్త్రంగా చూసినా ఇది ముచ్చటైన లెక్క. ఈస్ట్ ఒక గ్రాము పంచదారను పూర్తిగా పులియబెడితే ఇంచుమించు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్, అర గ్రాము ఆల్కహాల్ వస్తాయి. బీరులో గ్యాస్ ఎంతుందో చెప్పడానికి వాడే కొలత ‘వాల్యూమ్’. లీటరు బీరులో లీటరు గ్యాస్ కరిగి ఉంటే అది ఒక వాల్యూమ్, బరువులో చూస్తే దాదాపు రెండు గ్రాములు. ఇంగ్లండు పబ్బుల్లో పీపాల నుంచి వచ్చే ఏల్ అనే రకం బీరులో రెండు వాల్యూమ్‌లకు మించదు. అమెరికన్ ఏల్‌లో రెండున్నర అటూ ఇటూ ఉంటుంది. జర్మన్ గోధుమ బీరులో మూడున్నర, నాలుగు కూడా ఉంటుంది.

ఇప్పుడు అయిదు గ్యాలన్లు, అంటే 19 లీటర్ల మామూలు ఏల్ తీసుకుందాం. మనకు కావలసింది 2.4 వాల్యూమ్‌లు. అయితే పులియడం ముగిసిన బీరు పూర్తిగా ఖాళీ కాదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర పులిసిన బీరులో 0.86 వాల్యూమ్ గ్యాస్ అప్పటికే కరిగి ఉంటుంది. మిగతా ఒకటిన్నర వాల్యూమ్‌లే మనం తెప్పించుకోవాలి. దానికి 112 గ్రాముల పంచదార చాలు. ఒక్కో 355 మిల్లీలీటర్ల సీసా వాటాకు రెండు గ్రాములు, అంటే అర టీస్పూను. ఇంత తక్కువా అని చాలామంది నమ్మరు, గుప్పెడు ఎక్కువ వేస్తారు. కప్పులతో కొలవమని పాత పుస్తకాలు చెబుతాయి గానీ, పంచదార పలుకు సన్నమైతే ఒక బరువు, ముతకైతే మరో బరువు తూగుతుంది. వంటింటి డిజిటల్ కాటా వాడటమే మేలు. హోమ్‌బ్రూ దుకాణాల్లో అమ్మే మొక్కజొన్న చక్కెరలో కొంత నీరు కలిసి ఉంటుంది. అదే గ్యాస్ కావాలంటే అది 130 గ్రాములు పడుతుంది. రుచిలో తేడా తెలుస్తుందనేవాళ్ల మాట నేను పెద్దగా పట్టించుకోను, ఈ మోతాదులో ఏదైనా ఒకటే.

ఈ 0.86 దగ్గరే తెలివైనవాళ్లు కూడా బోర్లా పడతారు. చల్లని ద్రవంలో గ్యాస్ ఎక్కువ కరుగుతుంది. కరిగే గ్యాస్‌కూ దాని ఒత్తిడికీ ఉన్న సంబంధాన్ని మాంచెస్టర్‌కు చెందిన విలియం హెన్రీ 1803లోనే సూత్రీకరించాడు. ఆ లెక్కన 4 డిగ్రీల దగ్గర బీరు ఒకటిన్నర వాల్యూమ్‌లు పట్టుకోగలదు. బీరు తేటపడాలని రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, సీసాలకెత్తే రోజున ఉష్ణోగ్రత 4 అని ప్రైమింగ్ క్యాలిక్యులేటర్లో కొడితే, అది 65 గ్రాముల పంచదార చాలంటుంది. కానీ పట్టుకోగలగడం వేరు, పట్టుకుని ఉండటం వేరు. 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే గ్యాస్ బయటికి పోయింది. ఆ తర్వాత చల్లబరిచినంత మాత్రాన పోయినది వెనక్కి రాదు. అందుకే పులియడం ముగిశాక బీరు చూసిన అత్యధిక ఉష్ణోగ్రతనే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడ పొరబడితే నష్టం చప్పటి బీరు మాత్రమే. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు వేరే ఉంది. మనం కలిపే పంచదార కొలిచి వేస్తాం కాబట్టి దాని సంగతి తెలుసు. బీరులో అప్పటికే పులవకుండా మిగిలిన చక్కెర సంగతి మనకు తెలియదు. సీసా పేలిందని వినగానే ప్రైమింగ్ ఎక్కువైందంటారు గానీ, చాలాసార్లు అసలు దోషి ఆ పాత చక్కెరే. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటరు చూడండి, చక్కెర తగ్గేకొద్దీ దాని అంకె దిగుతుంది: 1.050 దగ్గర మొదలైన బీరు 1.012కు దిగాల్సి ఉండగా 1.016 దగ్గర నత్తనడక నడుస్తోందనుకుందాం. తేడా 0.004, అంటే నాలుగు పాయింట్లే. కానీ ఒక్కో పాయింటు అర వాల్యూమ్ గ్యాస్ ఇస్తుంది. సీసాలో ఆ నాలుగూ దిగితే రెండు వాల్యూమ్‌లు అదనంగా చేరి, మన 2.4 కాస్తా 4.4 అవుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర సీసా లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి ఇంచుమించు రెట్టింపు. మామూలు బీరు సీసాను అంత ఒత్తిడికి తయారు చేయరు. పేలితే గాజు ముక్కలు గోడలో గుచ్చుకుంటాయి.

షాంపేన్ చేసేవాళ్లు ఈ పాఠం రక్తం చిందించి నేర్చుకున్నారు. వాళ్ల సొరంగాల్లో ఒక సీసా పేలితే పక్కవీ వరసగా పేలేవి, పనివాళ్లు ఇనుప ముసుగులు తొడుక్కుని తిరిగేవారు. 1830లలో షాలోన్ పట్టణపు ఔషధ వ్యాపారి ఫ్రాన్స్వా, వైన్‌లో మిగిలిన చక్కెరను ముందు కొలిచి, తర్వాతే ఎంత కలపాలో తేల్చే పద్ధతి చెప్పాడు. అంతకుముందు అదంతా అంచనా వ్యవహారమే. మన కల్లుకు ఈ బెడద రాకపోవడానికి కారణం లొట్టి మూతి తెరిచి ఉండటమే. అందులో చక్కెరకు కొదవ లేదు, ఈస్ట్‌కు కొదవ లేదు. సీసాలో పోసి మూత బిగిస్తే ఏమవుతుందో ఏ గీత కార్మికుణ్ని అడిగినా చెబుతాడు.

కనుక ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయని సీసాలు కడగడం మొదలుపెట్టకండి. బకెట్ మూత సందులోంచి గ్యాస్ కారుతున్నా బుడగలు ఆగుతాయి. మూడు రోజుల ఎడంతో రెండుసార్లు హైడ్రోమీటరు పెట్టి చూడండి. అంకె కదలకపోవడమే కాదు, అది ఆ వంటకానికి తగిన అంకె కూడా అయి ఉండాలి. చలికాలపు బేస్‌మెంట్లో ఈస్ట్ అలిగి పడుకున్నా అంకె కదలదు. అలాంటప్పుడు బకెట్‌ను వెచ్చని గదిలోకి మార్చి, మరో వారం ఆగాలి.

సీసాల రోజు పని చిన్నదే గానీ తడి పని. ముందు సీసాలన్నీ లోపల మడ్డి మరక లేకుండా కడిగి, కడగనక్కర్లేని శానిటైజర్‌తో తడిపి బోర్లించాలి. పంచదారను రెండు గ్లాసుల నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి, ఆ పాకం ఖాళీ బకెట్ అడుగున పోయాలి. దాని మీదికి సైఫన్ గొట్టంతో బీరు వదలాలి. గొట్టం కొస బకెట్ గోడకు ఆనించి అడుగుదాకా దించితే బీరు సుడి తిరుగుతూ నిండుతుంది, పాకం దానంతటదే కలుస్తుంది. చివర శుభ్రమైన గరిటెతో ఒకటి రెండుసార్లు మెల్లగా తిప్పితే చాలు. కలవకపోతే కొన్ని సీసాలు చప్పగా, కొన్ని బాంబుల్లా తయారవుతాయి. ఎత్తు నుంచి జలజలా పోస్తే ఆక్సిజన్ చేరి, నెల తిరిగేసరికి తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది.

నింపడానికి కొసన స్ప్రింగు ఉన్న సన్నని గొట్టం దొరుకుతుంది. సీసా అడుగుకు ఆనిస్తే బీరు వస్తుంది, ఎత్తితే ఆగుతుంది. అంచుదాకా నింపి గొట్టం పైకి తీయగానే, అది ఆక్రమించిన మేర బీరు దిగి, పైన సరిగ్గా కావలసినంత ఖాళీ మిగులుతుంది. దీన్ని కనిపెట్టినవాడికి నా దండం. మూతలు 1892లో బాల్టిమోర్‌కు చెందిన విలియం పెయింటర్ పేటెంటు పొందిన క్రౌన్ రకమే, చేతి యంత్రంతో నొక్కితే బిగుసుకుంటాయి. మరతో తిప్పి తీసే మూతల సీసాలు ఈ పనికి నమ్మదగినవి కావు. గాజుకు మందపాటి గోధుమ రంగు మేలు. వెలుతురు తగిలితే హాప్స్ పూల చేదు విరిగి, స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి వాసన పుడుతుంది.

ఒక్క సీసా మాత్రం ప్లాస్టిక్‌ది పెట్టుకోండి. శుభ్రం చేసిన కూల్‌డ్రింకు సీసా అయినా ఫరవాలేదు. మూత పెట్టిన రోజు వేళ్లతో నొక్కితే లొత్తపడుతుంది. నాలుగైదు రోజులకు బిర్రెక్కుతుంది. రాయిలా అయిందంటే లోపల గ్యాస్ నిండినట్టే. ఇంకా ఇంకా బిగుసుకుంటూ అడుగు ఉబ్బుతుంటే మాత్రం గాజు సీసాలున్న అట్టపెట్టెకు దుప్పటి కప్పి, కళ్లద్దాలూ చేతితొడుగులూ వేసుకుని, అన్నిటినీ ఫ్రిజ్‌లోకి చేర్చాలి. చలికి ఈస్ట్ మందగిస్తుంది, ఒత్తిడీ తగ్గుతుంది.

అంతా సవ్యంగా ఉంటే 20 డిగ్రీల చీకటి గదిలో రెండు వారాలు చాలు. బీరు గట్టిదైతే ఇంకాస్త పడుతుంది. తాగే ముందు ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే మెడలో ఉన్న గ్యాస్ కూడా బీరులోకి దిగుతుంది. అడుగున వేలెడు కూడా ఉండని తెల్లటి మడ్డి పేరుకుంటుంది. అది ఈస్టే, హాని లేదు గానీ కడుపుబ్బరం చేయవచ్చు. సీసాను ఒక్క వంపుతో నిదానంగా గ్లాసులోకి వంచి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయండి. గోధుమ బీరు తాగే జర్మన్లు మాత్రం చివర్లో సీసాను గిరగిరా తిప్పి ఆ మడ్డిని కూడా గ్లాసులోకి వంచుకుంటారు.