కుళాయి కంటే ముందు గుంత సంగతి చూడండి

మామిడి కాయ నున్న మార్కెట్టుకు వెళ్లి నాలుగు రూపాయలు చేతికొచ్చేది ఎండాకాలంలోనే. మైలవరం చుట్టుపక్కల రైతుల ఇళ్లల్లో ఆగిపోయిన పనులన్నీ అప్పుడే మొదలవుతాయి. వంటింట్లోకి కుళాయి, డాబా మీద ట్యాంకు, పెరట్లో స్నానాల గది, మరుగుదొడ్డి. మేస్త్రీ వస్తాడు. గొయ్యి ఎక్కడ తీయమంటారని అడుగుతాడు. "ఖాళీ ఎక్కడుంటే అక్కడ తియ్యి" అంటాం. తప్పు అక్కడే జరుగుతుంది.

చాలా ఇళ్లల్లో ఆ ఖాళీ బోరు పక్కనే ఉంటుంది. ఎండాకాలమంతా ఏమీ తెలియదు. వానలు పడి నేల నానాక గుంతలోని మురుగు భూమిలోకి దిగి బోరు నీళ్లలో కలుస్తుంది. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాక గానీ సంగతి బయటపడదు. పైపు తప్పుగా వేస్తే మార్చుకోవచ్చు. బోరు పాడైతే ఆ ఖర్చు వేరు. అందుకే వాడిన నీరు ఎటు పోవాలో తేల్చుకున్నాకే పైపులు కొనండి.

ముందు టేపు పట్టండి

మరుగుదొడ్డి గుంతకూ బోరుకూ మధ్య కనీసం 10 మీటర్లు, అంటే 33 అడుగులు ఉండాలి. వీలైతే 15 మీటర్లు ఉంచండి. మీ బోరు ఒక్కటే చూస్తే చాలదు. గోడ అవతల పక్కింటివారి బోరు ఎక్కడుందో కూడా కొలవండి. దొడ్డి నుంచి గుంతకు వెళ్లే నాలుగంగుళాల పైపుకు ప్రతి 10 అడుగులకు 3 అంగుళాల వాలు ఇవ్వాలి. వాలు చాలకపోతే ఎంత మంచి పైపయినా పూడిపోతుంది.

అనుమతి ఎవరిని అడగాలి?

కొండపల్లిలో ఉండేవారికి మునిసిపాలిటీ. పంచాయతీ పరిధిలో ఉంటే పంచాయతీ కార్యదర్శికి అర్జీ పెట్టాలి. ఇంటి పన్ను రశీదు వెంట తీసుకెళ్లండి. డిపాజిట్ ఎంత, నెలకు కుళాయి పన్ను ఎంత అని ముందే అడగండి. కట్టిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి. రశీదు లేని కనెక్షన్‌ను దొంగ కనెక్షన్ అంటే కాదని చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

పైపు కోసం రోడ్డు తవ్వాల్సి వస్తే ఆ రోడ్డు ఎవరిదో చూసుకోవాలి. వీధి రోడ్డు పంచాయతీది. తిరువూరు వెళ్లే పెద్దరోడ్డు 30వ నంబరు జాతీయ రహదారి. దాన్ని తవ్వే అనుమతి పంచాయతీ చేతిలో లేదు.

కొత్త బోరు వేయాలంటే 2002లో వచ్చిన వాల్టా చట్టం వర్తిస్తుంది. ఊరందరి తాగునీటి బోరుకు, బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. రిగ్గు లారీని పిలిచే ముందే తహసీల్దారు కార్యాలయంలో వాకబు చేయండి.

ఇంకో మాట. పంచాయతీ పైపుకు నేరుగా మోటారు బిగించకండి. అది పక్కవారి నీళ్లు లాక్కోవడం. అంతేకాదు, పైపులో నీరు చాలనప్పుడు మోటారు లాగితే అతుకుల సందుల్లోంచి కాలువ మురుగు కూడా లోపలికొస్తుంది. ఆ నీళ్లు ముందు మీ ఇంటికే వస్తాయి. నేలతొట్టి కట్టుకుని, అందులోంచి పైకి తోడుకోండి.

ట్యాంకు ఎంత కావాలి?

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ పథకం మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించాలంటుంది. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. 500 లీటర్ల ట్యాంకు దాదాపు రెండు రోజులకు సరిపోతుంది. వెయ్యి లీటర్లది ఎందుకు? అయితే నిండిన 500 లీటర్ల ట్యాంకు అరటన్ను బరువని మరవకండి. దాన్ని డాబా నడిమధ్య పెట్టకుండా, కింద గోడ ఉన్నచోట పెట్టించండి. రేకుల ఇల్లయితే విడిగా దిమ్మె కట్టించాలి.

రెండు గుంతలైతే ఎరువు మీదే

సెప్టిక్ ట్యాంకు కంటే తక్కువ ఖర్చులో అయ్యేది రెండు గుంతల దొడ్డి. ఐదుగురికి మీటరు వెడల్పు, మీటరు లోతు గుంతలు రెండు చాలు. రెంటి మధ్య మీటరు ఎడం ఉంచండి. అడుగున సిమెంటు వేయకూడదు, నీరు ఇంకాలి. మన ఎర్రనేలల్లో బాగానే ఇంకుతుంది. నల్లరేగడిలో అంతగా ఇంకదు కాబట్టి గుంత పెద్దది కావాలి. మొదటిది నిండితే రెండోదానికి మళ్లించండి. నిండినదాన్ని ఏడాదికి తక్కువ కాకుండా, వీలైతే రెండేళ్లు మూసి ఉంచితే వాసన లేని ఎరువవుతుంది. తోటలో వేసుకోవచ్చు. స్నానాల నీళ్లు మాత్రం ఈ గుంతల్లోకి వదలకండి.

2014లో మొదలైన స్వచ్ఛ భారత్ పథకంలో మరుగుదొడ్డికి 12,000 రూపాయల సాయం పెట్టారు. అర్హుల్లో సన్న, చిన్నకారు రైతులనూ చేర్చారు. మీకు ఇప్పుడు వర్తిస్తుందేమో పని మొదలుపెట్టక ముందే పంచాయతీలో కనుక్కోండి.

స్నానాల నీళ్లు ఎటు?

స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అరటికి, కొబ్బరికి మళ్లించండి. ఫినాయిలు, బ్లీచింగు కలిసిన నీళ్లు వద్దు. పెరట్లో మామిడి చెట్టుంటే జాగ్రత్త. పూతకు ముందు రెండు మూడు నెలలు తోటకు నీరు కట్టం కదా. ఇంటి కాలువ రోజూ పారే చెట్టుకు పూత బదులు కొత్త చిగురొస్తుంది. ఆ నెలల్లో నీళ్లు ఇంకుడు గుంతకు పోయేలా చిన్న అడ్డుకట్ట పెట్టుకోండి.

పొదుపు ఎక్కడ, ఎక్కడ కూడదు?

వంటిల్లు, స్నానాల గది, దొడ్డి ఒకే గోడ వైపు పెట్టుకుంటే పైపూ తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. సామాను ఖర్చు వేరుగా, కూలీ వేరుగా రాయించుకోండి. కుళాయి మెరుపులు తగ్గించుకోవచ్చు. పైపులో తగ్గకూడదు. నీళ్ల పైపు మీద ఐఎస్ 4985, మురుగు పైపు మీద ఐఎస్ 13592 అచ్చు చూసి కొనండి. పీవీసీ పైపు ఎండకు పెళుసెక్కుతుంది. బయట ఉన్నచోట రంగు వేయించండి. నీళ్లు వదిలి అతుకులన్నీ చూశాకే గోడ పూడ్పించండి.

చివరిగా, బోరు నీళ్లు తాగేవారు ఆ నీళ్లను ఒకసారి పరీక్ష చేయించండి. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బులు ఎన్ని ఇళ్లను కుంగదీశాయో మనం చూస్తూనే ఉన్నాం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదు. కాచినా అది పోదు.

కాబట్టి ఈసారి కాయ డబ్బు చేతికి రాగానే పైపుల కొట్టుకు వెళ్లకండి. ముందు టేపు తీసుకుని పెరట్లోకి వెళ్లండి.