దూడను ఏ పక్క పడుకోబెట్టారు?



దగ్గుతున్న దూడను ఆసుపత్రికి తీసుకుపోతాము. దారిలో దాన్ని ఏ పక్క పడుకోబెట్టామన్నది కూడా వైద్యంలో భాగమేనని మనలో ఎందరు అనుకుంటారు? నేనూ చాలాకాలం అనుకోలేదు. ఒక దుడ్డె నాకా పాఠం నేర్పింది. ఆ సంగతే మీతో ముచ్చటిస్తాను.

కాటేదాన్ అనగానే నేడు కార్ఖానాలే గుర్తుకు వస్తాయి. అయినా వాటి మధ్య సందుల్లో బర్రెలను, మేకలను సాకుకొని బతికే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అటువంటి ఒక ఇంట్లో పెయ్యదుడ్డెకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. "కాళ్లు కట్టి ఆటోలో పక్కమీద పడుకోబెట్టండి, కదలకుండా ఉంటుంది" అని సలహా ఇచ్చినవాణ్ణి నేనే. దారిలో బండ్ల రద్దీ. ఆసుపత్రికి చేరేసరికి గంటన్నర అయింది. అంతసేపూ దుడ్డె కుడిపక్క మీదనే ఉన్నది.

ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి చాలామేరకు తెల్లగా కనబడింది. ఇంటి అవ్వ కండ్ల నీళ్లు పెట్టుకున్నది. "సారూ, ఒక తిత్తి మొత్తం పోయినట్టేనా? ఇగ మందులకు పైసలు పెట్టుడెందుకు, వచ్చిన కాడికి అమ్మేద్దునా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. డాక్టరుగారు మాత్రం, "దీన్ని ఏ పక్కమీద తెచ్చారు? ఎంతసేపు?" అని అడిగారు. దుడ్డెను ఛాతీమీద నిలువుగా కూర్చోబెట్టించి, చాలాసేపు ఆగి, మళ్లీ తీశారు. తెలుపు చాలావరకు పోయింది! కుడి తిత్తి ముందు భాగంలో ఒక మచ్చ మిగిలింది. అదీ అసలు నెమ్ము. దానికి వైద్యం జరిగింది, దుడ్డె నిలిచింది.

ఇందులో కిటుకు ఏమిటి? 1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ కనిపెట్టిన ఈ కిరణాలు గాలిలోనుంచి సులభంగా దూసుకుపోతాయి, ఎముక, మాంసం, నీరు వాటిని ఆపుతాయి. అందుచేత గాలి ఉన్నచోట బొమ్మ నల్లగాను, గాలి లేనిచోట తెల్లగాను పడుతుంది. నెమ్ముపట్టిన తిత్తిలో గాలికి బదులు చీము, నీరు నిండి తెల్లబడుతుంది. అయితే గాలి పోయిన తిత్తి కూడా తెల్లగానే ఉంటుంది.

కమ్మరి కొలిమితిత్తి మీద బరువు పెట్టి చూడండి. గాలంతా పోయి చదునౌతుంది. పశువు పక్కమీద పడుకుంటే జరిగేదీ ఇదే. గుండె బరువు, పై తిత్తి బరువు, కడుపు ఒత్తిడి కలిసి కింది తిత్తిని నొక్కుతాయి. అందులో గాలి తగ్గుతుంది, నెత్తురు చేరుతుంది. రోగం లేకున్నా అది తెల్లగా కనబడుతుంది. రోగముంటే ఆ మచ్చ ఈ తెలుపులో కలిసిపోయి కనబడకుండా పోతుంది. పై తిత్తి మాత్రం గాలితో బాగా విచ్చుకొని, అందులోని మచ్చను స్పష్టంగా చూపుతుంది. కుడి తిత్తిని చూడాలంటే ఎడమపక్క పడుకోబెట్టాలన్నమాట. కుక్కలకు రెండు పక్కలా రెండు బొమ్మలు, వెల్లకిలానో బోర్లానో మూడోది తీసేది ఇందుకే. "ఒకటి చాలదా, ఖర్చు కదా" అని డాక్టరుతో వాదించకండి.

మన పశువుల్లో ఇంకొక విశేషం ఉన్నది. ఆవు, బర్రె, మేక, గొర్రెలకు ఊపిరిగొట్టం రెండుగా చీలకముందే, కుడి తిత్తి ముందు భాగానికి వేరే పాయ ఒకటి పోతుంది. తల పైకెత్తి గొట్టంతో నూనెనో మందునో పోసినప్పుడు దారితప్పితే, అది తరచుగా చేరేది అక్కడికే. ఆ భాగం ముంగాళ్ల చాటున ఉంటుంది. బొమ్మ తీసేటప్పుడు ముంగాళ్లను ముందుకు లాగిపట్టేది ఆ చాటు తొలగించడానికే. దగ్గే పశువుకు బలవంతంగా ఏదీ తాగించకండి.

ఇక చేయవలసినది వినండి. దూడనైనా మేకనైనా ఛాతీమీద కూర్చోబెట్టి, రెండు పక్కలా గడ్డిమోపులు ఆనించి తీసుకుపోండి. నెమరువేసే పశువు చాలాసేపు పక్కమీద పడి ఉంటే కడుపులో గాలి పోయే దారిలేక ఉబ్బుతుంది, ఊపిరి ఇంకా బరువవుతుంది. పశువు తనంతట తానే పడిపోయి ఉంటే, ఏ పక్కమీద ఎంతసేపు ఉన్నదో గుర్తుపెట్టుకొని చెప్పండి. ఎక్స్‌రే గదిలో పట్టుకొనేవారు సీసపు కోటు తొడగాలి. గర్భిణులు, పిల్లలు లోపలికి పోరాదు. పెద్ద బర్రెకు ఛాతీ మందం ఎక్కువ, చిన్న యంత్రం చాలదు. దానిని నిలబెట్టే పక్కనుంచి తీస్తారు. 1946లో ప్రారంభమైన పశువైద్య కళాశాల కాటేదానుకు దగ్గరలోనే, రాజేంద్రనగర్‌లో ఉన్నది. స్థానిక డాక్టరు సలహాతో అక్కడికి పోయి అడగవచ్చు.

విస్తరణ కార్యకర్తలైన మిత్రులకొక మనవి. "కట్టిపడేసి తీసుకురండి" అనే మాట నేను మానుకున్నాను. మీరూ మానుకోండి. ఆనాడు డాక్టరుగారు ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే, బాగుపడవలసిన పెయ్య బేరానికి పోయేది.