పాల వ్యానుకు జంప్ స్టార్టరు: కొనేముందు చూడవలసినవి

పాల క్యాన్లు ఎక్కించిన తరువాత వ్యాను స్టార్టు కాకపోయినా, టైరులో గాలి తగ్గినా నష్టం డ్రైవరుది కాదు, సభ్యులది. చల్లబరచని పాలు గంటలలోనే పులుపెక్కుతాయి. డెయిరీ వాటిని తిరస్కరించవచ్చును. సొంత వ్యాను గల సంఘాలు గాలి పంపుతో కూడిన జంప్ స్టార్టరు కొనదలచినచో ఈ దిగువ విషయాలు గమనించవలెను.

1. వోల్టేజి: చిన్న వ్యానులకు సాధారణంగా 12 వోల్టులు, పెద్ద లారీలకు, ట్యాంకర్లకు 24 వోల్టులు. 12 వోల్టుల పరికరాన్ని 24 వోల్టుల బండికి తగిలించరాదు.

2. కరెంటు: పెట్టెమీద పెద్ద అక్షరాలతో వేసే 'పీక్' ఆంపియర్లు క్షణకాలం వచ్చేవి మాత్రమే. ఇంజనును తిప్పే 'స్టార్టింగ్' కరెంటు ఎంతో అడగండి. డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనుకన్నా ఎక్కువ కావాలి. ఎంత సి.సి. డీజిలు ఇంజను వరకు పనికివస్తుందో చూడండి.

3. గాలి పంపు: లోడు బండి వెనుక టైరుకు తయారీదారు చెప్పిన పీడనాన్ని అందుకోవాలి. ఆపకుండా ఎన్ని నిమిషాలు పనిచేస్తుందో తెలుసుకోండి. చీలిన టైరును ఇది బాగుచేయదు, స్టెప్నీ ఉండవలసిందే.

4. సంరక్షణ: వాడకపోయినా ఛార్జి తగ్గుతుంది. మూడు నెలలకు ఒకసారైనా ఛార్జి చేయాలి. ఎండలో నిలిపిన క్యాబినులో ఉంచరాదు. ఉబ్బితే వాడరాదు.

అంకెలు చూసి డబ్బు చెల్లించకండి. పాలకవర్గం తీర్మానించి, కొటేషన్లు తెప్పించి, మీ వ్యాను టైరుకే గాలి కొట్టించి చూసి, బిల్లు, గ్యారంటీ కార్డు తీసుకుని కొనండి. ఖర్చయ్యేది సభ్యుల పాల డబ్బు.