పాత టైరు కరగదు.. మరి ప్లాస్టిక్‌తో ఎలా కలుపుతున్నారు?

పంక్చర్ షాపు వెనకాల, కబాడీ దుకాణం ముందు అరిగిన టైర్లు గుట్టగా పడి ఉండటం మనకు అలవాటే. వాన పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి, డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. చలికాలం వస్తే ఎవరో ఒకరు అంటించి చలి కాచుకుంటారు. ఆ నల్ల పొగ పిల్లల ఊపిరితిత్తులకు ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు.

మరి పాత బకెట్‌ను కరిగించినట్టు టైరును ఎందుకు కరిగించరు? కరగదు కాబట్టి. రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకు జిగురులా మారదని, చలికి బిరుసెక్కదని 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. రబ్బరులోని పొడవాటి పోగుల్లాంటి అణువులను గంధకం అక్కడక్కడా ముడివేస్తుంది. టైరుకు బలం ఆ ముడులే, ఇప్పుడు తలనొప్పీ ఆ ముడులే. మళ్లీ వేడి చేస్తే కరగదు, మాడుతుంది.

అందుకే టైరును ముక్కలు చేసి, ఇనుప తీగలను అయస్కాంతంతో లాగేసి, దారాలు తీసేసి పొడి చేస్తారు. ఆ పొడిని కరిగిన పాలిథిన్‌లోనో, పాలీప్రొపిలీన్‌లోనో కలుపుతారు. ప్లాస్టిక్ అచ్చులోకి పారుతుంది, రబ్బరు సాగే గుణం ఇస్తుంది. దీన్నే థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్ అంటారు.

చెప్పినంత తేలిక కాదు. ఉత్తినే కలిపితే రెండూ అతుక్కోవు. రబ్బరు రేణువు చుట్టూ సందు మిగిలి, లాగగానే అక్కడే చీరుతుంది. అసలు కష్టమంతా ఈ అతుకు దగ్గరే. వేడి, రాపిడితో గంధకం ముడులు కొన్ని తెంపితే రేణువు పైభాగం మెత్తబడి ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది. లేదంటే మలేయిక్ ఆన్‌హైడ్రైడ్ అంటించిన ప్లాస్టిక్‌ను కొద్దిగా కలుపుతారు, అది రెండింటి మధ్య మధ్యవర్తిలా పనిచేస్తుంది. పొడి ఎంత సన్నగా ఉంటే అంత మేలు, కాకపోతే కరెంటు ఖర్చూ అంత పెరుగుతుంది.

దీంతో కొత్త టైరు చేయరు, అంత బలం రాదు. కాలిపట్టాలు, తలుపు అంచు పట్టీలు, ట్రాలీ చక్రాలు, పనిముట్ల పిడులకు మాత్రం సరిపోతుంది.

మన దేశంలో పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదేనని 2022లో నిబంధనలు వచ్చాయి. కబాడీ పని చేసే కుటుంబాలు మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ప్లాస్టిక్‌లో పీవీసీ ముక్కలు కలిస్తే వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. మిషను తుప్పు పడుతుంది, పనివాళ్ల కళ్లు, గొంతు మండుతాయి. వస్తువు అడుగున త్రికోణంలో 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 లేదా 4 ఉంటే పాలిథిన్. 3 కనిపిస్తే అది పీవీసీ, పక్కన పెట్టేయండి.