మిల్‌సిమ్ సామగ్రి: అపోహలు – వాస్తవాలు

సైనిక చర్యను అనుకరిస్తూ, 6 మి.మీ. ప్లాస్టిక్ గుళ్లు పేల్చే తుపాకులతో గంటల తరబడి సాగే ఆటను ఎయిర్‌సాఫ్ట్ మిల్‌సిమ్ అంటారు. దీనికి సామాను కొనేవారి అపోహలన్నిటికీ వేరు ఒక్కటే: జవానుకు పనికొచ్చినదల్లా ఆటగాడికీ పనికొస్తుందనుకోవడం. సికింద్రాబాద్‌లో ఈ అపోహ మరీ బలంగా ఉండటంలో వింత లేదు. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్నప్పటి నుంచీ ఇది కంటోన్మెంట్ ఊరే. తిరుమలగిరి వైపు వెళ్తే అసలు యూనిఫాం రోజూ కంటపడుతుంది. అచ్చం అలాంటిదే వేసుకోవాలనిపించడం సహజం. చిక్కు కూడా అక్కడే ఉంది. సైన్యం 2022 జనవరి 15న ప్రదర్శించిన కొత్త పోరాట దుస్తుల డిజైన్‌పై హక్కులు రిజిస్టర్ చేయించుకుంది. ఇక సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘నాది ఆటే కదా, మోసం చేసే ఉద్దేశం ఎక్కడుంది?’ అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ గేటు దగ్గరి సెంట్రీకి ముందు కనిపించేది బట్టలు. ఉద్దేశం సంగతి తేలేది ఆ తర్వాత. ఏ దళానికీ చెందని సాదా గోధుమ, బూడిద రంగు దుస్తులు వేసి, జట్టు గుర్తుగా చేతికి రంగు పట్టీ కట్టుకుంటే ఆటకు వచ్చే లోటేమీ లేదు.

తుపాకీ విషయంలో ‘ఇది బొమ్మే, ఏ చట్టమూ వర్తించదు’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. 2016 నాటి ఆయుధ నియమాలు ఎయిర్‌గన్‌లను రెండు కొలతలతో చూస్తాయి: 20 జౌళ్ల శక్తి, 4.5 మి.మీ. గొట్టం. ఎయిర్‌సాఫ్ట్ శక్తి సాధారణంగా 1 జౌల్ అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మొదటి కొలతతో పేచీ లేదు; గొట్టం మాత్రం 6 మి.మీ. అందుకే విదేశం నుంచి తెప్పించే ముందే కస్టమ్స్, పోలీసు నిబంధనలు కనుక్కోవడం మేలు. కొన్నాక కూడా సంచిలో పెట్టి తీసుకెళ్లాలి, రోడ్డు మీద భుజాన వేలాడదీసుకుని కాదు. వేగం ఎక్కువైతే గుండు ఎక్కువ దూరం పోతుందన్నది ఇంకో నమ్మకం. 1 జౌల్ శక్తితో 0.20 గ్రాముల గుండు సెకనుకు 100 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, 0.28 గ్రాములది దాదాపు 85 మీటర్లతో. అయినా తేలిక గుండు వేగాన్ని గాలి త్వరగా మింగేస్తుంది. గొట్టంలో హాప్‌అప్ అనే అమరిక గుండుకు ఇచ్చే వెనక్కి తిరిగే చుట్టు సరిగ్గా కుదిరితే, బరువైనదే దూరాన గురి నిలుపుకుంటుంది. గట్టి స్ప్రింగ్ మీద పెట్టే డబ్బు మంచి గుళ్ల మీద పెడితే ఫలితం ఎక్కువ.

అసలు ఖర్చు పెట్టాల్సింది కళ్లకు. ‘ప్లాస్టిక్ గుండేగా, చలువ కళ్లద్దాలు చాలు’ అనుకోవడం వీటన్నిటిలోకీ ప్రమాదకరం. యూరప్ ప్రమాణం ఈఎన్ 166లో ‘ఎఫ్’ గుర్తు ఉన్న అద్దాన్ని 0.86 గ్రాముల ఉక్కు గుండుతో, సెకనుకు 45 మీటర్ల వేగంతో పరీక్షిస్తారు. లెక్క వేస్తే 0.87 జౌల్, అంటే 1 జౌల్ తుపాకీ కంటే తక్కువే. ‘బి’ గుర్తుకు వేగం 120 మీటర్లు, శక్తి 6 జౌళ్ల పైచిలుకు. కొనాల్సింది ఆ రెండోది, ముఖానికి అతుక్కునే గాగుల్స్ రూపంలో. ఆవిరి పట్టి ఏమీ కనబడదన్న అభ్యంతరం నిజమే, మన ఉక్కపోతలో మరీనూ. దానికి మందు రెండు పొరల అద్దం. జాలీ గాగుల్స్‌కు మాత్రం మారకూడదు: గుండు పగిలితే ముక్కలు ఆ సందుల్లోంచి దూరగలవు. పళ్లు, చెంపలు కాచే కింది మాస్కుకు జాలీ ఫర్వాలేదు.

కవచం పలకలు ఆపేది నిజమైన తూటాని. ఈ ఆటలో వాటికి పని లేదు. ఆకారం కావాలనుకుంటే ఫోమ్ ముక్కలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే దక్కన్ ఎండలో ఆ బరువుకు బదులు నీళ్లు మోయడం తెలివి. ఇక్కడి నేల గ్రానైట్ బండలు, ముళ్లపొదలు. అందుకే చీలమండను పట్టి ఉంచే, అడుగు జారని బూట్లు కావాలి. కొత్తవైతే ఆటకు రెండు మూడు వారాల ముందు నుంచే తొడిగి నడవాలి.