గుణదల మాత యాత్రా సన్నాహం

విజయవాడ నగరంలోని గుణదల కొండపై ఉన్న మరియమాత పుణ్యక్షేత్రానికి కతోలికులు చేసే యాత్రను గుణదల యాత్ర అంటారు. ఇక్కడి తిరునాళ్ళు ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగుతాయి. కతోలిక సంప్రదాయంలో యాత్ర కొండ దగ్గర మొదలవదు, దానికి చేసే సన్నాహం కూడా యాత్రలో భాగమే. హైదరాబాదులోని మోతీనగర్ పరిసరాల నుండి బయలుదేరే యాత్రికుని ఉదాహరణగా తీసుకొని ఆ సన్నాహాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

ఫ్రాన్సు దేశంలోని లూర్దు గ్రామం వద్ద ఒక గుహలో 1858 ఫిబ్రవరి 11 నుండి జూలై 16 వరకు మరియమాత 18 సార్లు దర్శనమిచ్చిందని బెర్నదెత్ సుబీరు అనే 14 ఏళ్ళ బాలిక తెలిపింది. మొదటి దర్శనం జరిగిన ఫిబ్రవరి 11న లూర్దు మాత పండుగ జరుపుతారు. 1920లలో ఇటలీకి చెందిన మిషనరీ గురువు ఆర్లాటి గుణదల కొండపై సహజంగా ఏర్పడిన గుహలో మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించాడు. తరువాత ఇక్కడ దేవాలయం నిర్మించారు. 1993 నుండి ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా కూడా పాటిస్తున్నారు.

మొక్కు

చాలామంది మొక్కు తీర్చుకోవడానికే గుణదల వస్తారు. తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయ కొట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం ఇక్కడి ఆచారాలు. వీటిలో మొదటి రెండూ తెలుగు నేల అలవాట్లు. ఇతర మతాలవారు కూడా ఈ మొక్కులు చెల్లిస్తారు.

1983 నాటి తిరుసభ చట్టం ప్రకారం మొక్కుబడి అనగా సాధ్యమైన మంచి పనిని గురించి తెలిసి, స్వేచ్ఛగా దేవునికి చేసే వాగ్దానం. భయపెట్టి చేయించిన మొక్కు చెల్లదు. మొక్కు మొక్కినవారినే బంధిస్తుంది. అనగా బిడ్డ పేరున తల్లి మొక్కుకుంటే ఆ బాధ్యత తల్లిదే, బిడ్డది కాదు. కనుక బయలుదేరే ముందు తాను ఏమి మొక్కుకున్నాడో యాత్రికుడు స్పష్టంగా గుర్తుచేసుకోవాలి.

ఆధ్యాత్మిక సన్నాహం

* నవదిన ప్రార్థనలు: పండుగకు ముందు తొమ్మిది రోజులు చేస్తారు. పండుగ ముందురోజుతో ముగియాలంటే ఫిబ్రవరి 2న ప్రారంభించాలి. అది బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగ రోజు. ఆనాడు కొవ్వొత్తులను ఆశీర్వదిస్తారు.
* జపమాల: ఐదు దేవరహస్యాలను ధ్యానిస్తూ, ఒక్కొక్కదానికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం చెబుతారు. కుటుంబమంతా కలిసి చెప్పడం వాడుక.
* పాపసంకీర్తనం: తిరునాళ్ళలో రద్దీ ఎక్కువ. అందుచేత సొంత విచారణలోనే, తీరికగా ఆత్మపరిశీలన చేసుకొని, ముందుగా పాపసంకీర్తనం చేయడం మేలు.
* ఉపవాసం: దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి ముందు ఒక గంట ఆహారం తీసుకోరాదు. మంచినీరు, మందులు తీసుకోవచ్చు. వృద్ధులకు, రోగులకు, వారికి సేవ చేసేవారికి ఈ నియమం వర్తించదు. కాబట్టి మధుమేహం ఉన్నవారు కొండ ఎక్కేటప్పుడు ఖాళీ కడుపుతో ఉండనవసరం లేదు.

విభూది బుధవారం కొన్నిసార్లు ఈ తిరునాళ్ళలోనే వస్తుంది. 2016లో అది ఫిబ్రవరి 10న వచ్చింది. అటువంటప్పుడు 18 ఏళ్ళు నిండి 60వ ఏట అడుగుపెట్టనివారు ఉపవాసం, 14 ఏళ్ళు నిండినవారు మాంసవర్జనం పాటించాలి.

ప్రయాణం

మోతీనగర్‌కు దగ్గరలోని ఎర్రగడ్డ మెట్రో స్టేషనులో ఎక్కితే రైలు మారకుండా మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు గాని, విజయవాడ రహదారిపై ఉన్న ఎల్బీనగర్‌కు గాని చేరవచ్చు. అక్కడి నుండి విజయవాడకు రోడ్డు మార్గం సుమారు 270 కిలోమీటర్లు. సికింద్రాబాదు నుండి కాజీపేట, ఖమ్మం మీదుగా రైలు మార్గం సుమారు 350 కిలోమీటర్లు. రైలు టిక్కెట్లను 60 రోజుల ముందు నుండి రిజర్వు చేసుకోవచ్చు. అనగా తిరునాళ్ళకు వెళ్ళదలచినవారు డిసెంబరు రెండవ వారంలోనే చూసుకోవాలి.

కొండ మెట్లెక్కాలి కనుక సామాను తక్కువగా ఉండాలి. మంచినీరు, వాడే మందులు, తలకు గుడ్డ, తెల్లవారుజాము చలికి దుప్పటి అవసరం. పిల్లల జేబులో పెద్దల ఫోన్ నంబరు వ్రాసిన చీటీ ఉంచాలి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోవాలి.

వెళ్ళలేనివారు

అనారోగ్యం, వృద్ధాప్యం, పేదరికం వల్ల కొందరు మొక్కుకొని కూడా వెళ్ళలేక బాధపడతారు, కొందరు అప్పు చేసి బయలుదేరతారు. దీనికి తిరుసభ చట్టంలోనే దారి ఉంది. సొంతంగా చేసుకున్న మొక్కును దానికి సమానమైన, లేదా అంతకంటే మేలైన పనిగా మొక్కినవారే మార్చుకోవచ్చు. తగిన కారణం ఉంటే విచారణ గురువు దానిని తేలికైన పనిగా మార్చగలడు, లేదా మొక్కు నుండి విడుదల చేయగలడు. అందుచేత ప్రయాణం భారమైనవారు టిక్కెట్టు కొనడానికి ముందే విచారణ గురువును సంప్రదించడం మంచిది.