అశ్వశాలలో ఎండుగడ్డి

హైదరాబాదు నగరమున మాసబ్ ట్యాంకు చెంత 'ఏ.సి. గార్డ్సు' అను పేట కలదు. ఆఫ్రికా దేశీయులగు ఆశ్వికభటుల దళమును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. 19వ శతాబ్దిలో ఆ దళమును మొదట కూర్చినవాడు వనపర్తి సంస్థానాధీశుడగు రాజా రామేశ్వరరావు. సంస్థానములు పోయినవి, ఆశ్వికదళములును పోయినవి. నేడు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతములలో గుఱ్ఱము ఎక్కువగా పెండ్లి ఊరేగింపులలోనే కానవచ్చును. అయినను దాని శరీరధర్మము మాత్రము మాఱలేదు.

ఈ ప్రాంతపు మెట్టపొలములలో పూర్వము జొన్న విస్తారముగా పండెడిది. చొప్పయే పశువులకు ఆధారము. జూరాల, కల్వకుర్తి పథకముల నీరు పాఱిన పిదప వరిసాగు పెరిగి, ఊరూర వరిగడ్డి వాములు వెలసినవి. ఈ గడ్డి గుఱ్ఱమునకు పఱుపు కాగలదు. కొంతవఱకు మేతయు కాగలదు. కాని ఎద్దునకు సరిపడునదంతయు గుఱ్ఱమునకు సరిపడదు.

ఎద్దు నెమరువేయు జంతువు. దాని పొట్టలో నాలుగు అరలు కలవు. ముదురు గడ్డిని మరల మరల నమిలి అది జీర్ణించుకొనును. గుఱ్ఱమునకు పొట్ట చిన్నది, నెమరు లేదు. పీచు పెద్దప్రేవులో పులిసి జీర్ణము కావలెను. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి సుమారు నాలుగు పాళ్ళు మాత్రమే. ఇసుకవంటి సిలికా మెండు. ఇట్టి గడ్డినే కడుపునిండ పెట్టి నీరు తక్కువ చేసినచో, అది ప్రేవులో గట్టిపడి శూల పుట్టును. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. కాన లోనికి పోయిన కీడు తిరిగి రాదు. అందుచేత మంచి పచ్చిక ప్రధానముగా ఉండి, వరిగడ్డి కొద్దిపాటిగా ఉండవలెను. నీరు ఎల్లప్పుడు అందుబాటున ఉండవలెను. వానలు లేక వాడిన లేతజొన్న పైరులో విషము పుట్టును. దానిని ఏ పశువునకును మేపరాదు.

పఱుపునకు వాడునపుడు శత్రువులు రెండు: బూజు, దుమ్ము. తడిసి నల్లబడిన గడ్డిలోని బూజు రేణువులు ఊపిరితిత్తులలో చేరి దగ్గు, ఆయాసము కలిగించును. కాన గడ్డిని బయట దులిపి, ఎండనిచ్చి, జానెడు మందమున పఱవవలెను. మూత్రముతో తడిసిన భాగమును దినదినము తీసివేయవలెను. లేనిచో ఘాటైన అమ్మోనియా వాయువు పుట్టి కన్నులను, ఊపిరిని బాధించును. గిట్టలు మెత్తబడి కుళ్ళును.

జాగ్రత్త కళ్ళముననే ఆరంభము కావలెను. పచ్చిగా వామి వేసిన గడ్డిలో సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టించును. ఆ వేడి ముదిరి నిప్పు అంటుకొనుటయు కలదు. ఇనుపకడ్డీని వామిలో గ్రుచ్చి, కొంతసేపటికి తీసి తాకినచో లోని వేడి తెలియును. చేయి ఓర్వలేనంత వేడిగా ఉన్నచో ప్రమాదము సమీపించినట్లే. అపుడు పిల్లలు వామి దరికి పోరాదు. వెంటనే పెద్దలకు తెలుపవలెను.

గుఱ్ఱము తన బాధను మాటలతో చెప్పలేదు. మేత మాని, నేలను గిట్టతో గీరుచు, తన డొక్కవైపు చూచుటయే దాని మొఱ. ఆ మొఱ విన్నంతనే పశువైద్యుని పిలువవలెను. అంతకుముందే పిడికెడు గడ్డిని చేతబట్టి, వాసన చూచి, దులిపి వేయువాడు ఆ మొఱకు తావే ఈయడు.